అటకెక్కబోయిన స్టీరియోకి మళ్ళీ గొంతొచ్చింది!

"నాన్నగారి స్టీరియో పోయిందిరా! పాత సామాన్లవాడికి ఇచ్చేస్తున్నా!"

కాకినాడ నుంచి మిత్రుడి ఫోను. నా గుండె గుభేలుమంది. ఊరంతా క్యాసెట్లకి మారిపోయాక కూడా ఆ ఇంట్లో 'శంకరాభరణం' (1980) ఎల్.పి. వింటూ పెరిగినవాణ్ణి మరి! "ఆగు, వస్తున్నా" అని రైలెక్కేశాను.

వెళ్ళి చూద్దును కదా... ప్లేటు తిరుగుతోంది, ముల్లు దిగింది, పాట మాత్రం నూతిలోంచి వచ్చినట్టు పీలగా వస్తోంది! పైగా 'బుయ్' మని ఒకటే రొద. ఆంప్లిఫయరు కాలిపోయిందని రిపేరు షాపాయన తేల్చేశాడట. వెనక్కి తిప్పి చూశాను. టర్న్‌టేబుల్ వైర్లు 'ఆక్స్' అని రాసున్న కన్నాల్లో ఉన్నాయి! ఇంటికి సున్నాలేసినప్పుడు ఊడదీసి, తోచినచోట తగిలించారన్నమాట.

కిటుకంతా ఇక్కడే ఉంది. మామూలు మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జి ఇచ్చేది ఎంతనుకున్నారు? 5 మిల్లీవోల్టులు, అటూ ఇటూగా! టేప్‌డెక్ ఇచ్చేదేమో వందల మిల్లీవోల్టులు. అదీగాక, గాళ్ళు మరీ వెడల్పయిపోకుండా రికార్డు కోసేటప్పుడే బాస్ తగ్గిస్తారు, ట్రెబుల్ పెంచుతారు. 1950ల నుంచీ ఉన్న ఈ పద్ధతి పేరు ఆర్.ఐ.ఎ.ఎ. దాన్ని మళ్ళీ సరిచేసే సర్క్యూటు 'ఫోనో' కన్నం వెనకాలే ఉంటుంది. ఆక్స్‌లో పెడితే మృదంగం మాయం, తాళాలు మాత్రం కీచుకీచు!

స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, వైర్లు ఫోనోలోకి మార్చాను. టర్న్‌టేబుల్ నుంచి వేలాడుతున్న సన్నవైరుని 'గ్రౌండ్' స్క్రూకి బిగించాను. రొద గప్‌చుప్! ఒక స్పీకరుకి ఎరుపూ నలుపూ తారుమారయ్యాయి. అలాగైతే ఒకటి ముందుకి తోస్తే రెండోది వెనక్కి లాగుతుంది, బాస్ కాస్తా ఎగిరిపోతుంది. అదీ సరిచేశాను. పెట్టె మాత్రం విప్పలేదు. లోపలి కెపాసిటర్లు ప్లగ్గు పీకినా షాక్ కొట్టగలవు. ఆ పని తెలిసినవాళ్ళదే.

వాల్యూమ్ తిప్పితే కరకర! మావాడు అందులో కొబ్బరినూనె చుక్కేశాడట, మహానుభావుడు! దానికి కాంటాక్ట్ క్లీనరుంది నాయనా! ముల్లుని మెత్తటి బ్రష్షుతో వెనకనుంచి ముందుకే తుడవాలి. అరిగిన ముల్లు గాళ్ళని కోసేస్తుంది కనుక కొత్తది తెప్పించాం. ఒకదానిమీదొకటి పడేసిన ప్లేట్లన్నీ నిలువుగా సర్దాం.

సాయంత్రం పాట మొదలవగానే వాళ్ళమ్మగారు వంటింటి గుమ్మందాకా వచ్చి నిలబడ్డారు.

"ఇంకాస్త పెంచండ్రా, ఆయన ఇంతకన్నా గట్టిగా పెట్టేవారు" అన్నారు.