పిజ్జా గొప్పదా? పొట్టిక్క గొప్పదా?



అంబాజీపేట పొట్టిక్కలంటే మనకు చనువు. అమలాపురంలో పిజ్జా షాపు మెట్లెక్కాలంటే బెరుకు. నిజానికి రెండూ పులిసిన పిండే. మైదాలో ఈస్ట్ వేసి పులియబెట్టి కాలిస్తే పిజ్జా. మినప్పిండి, బియ్యపురవ్వ కలిపి పులియబెట్టి, పనసాకు బుట్టల్లో పోసి ఆవిరి మీద ఉడికిస్తే పొట్టిక్క. దీనికి నూనె అక్కర్లేదు, ఆకు వాసనే రుచి.

రెండు పిజ్జా షాపులను పోల్చేటప్పుడు ధర ఒక్కటే చూడకండి, వైశాల్యం కట్టండి. 8 అంగుళాల పిజ్జా సుమారు 50 చదరపు అంగుళాలు, 12 అంగుళాలది 113. అంటే చిన్నవి రెండు కలిపినా పెద్దదానికి సరిరావు. నలుగురు చందా వేసుకున్నప్పుడు ఈ లెక్క పనికొస్తుంది. బిల్లు మీద 14 అంకెల ఆహార భద్రత నంబరు కూడా చూడండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మనల్ని కూర్చోబెట్టే తీరు. హోటల్లోకి వెళ్లడానికి కులం అడ్డు కాకూడదని రాజ్యాంగం 15వ అధికరణ చెబుతోంది. అంటరానితనం పేరుతో అందరూ తాగే గ్లాసు ఇవ్వకపోవడం 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం. రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షత వహించిన అంబేద్కర్ గారి పేరే 2022లో మన జిల్లాకు పెట్టారు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మెనూలో పేర్లు తెలియకపోతే నేటికీ అడుగుతాను. మీరూ అడగండి. అడగడం చిన్నతనం కాదు. రుచి మాత్రం ఎవరి ఇష్టం వారిది!