వైఫ్, ఇల్లాలు, మహాదేవి: జీవిత భాగస్వాముల పాత పేర్లు



సత్తెనపల్లిలో ఒక ఆదివారం సంపర్క తరగతిలో, ఆరోగ్య కేంద్రంలో పనిచేసే విద్యార్థిని ఒకరు నన్ను ఇలా అడిగారు: "సార్, మిడ్‌వైఫ్ అంటే మంత్రసాని కదా! అందులో వైఫ్ ఎందుకుంది? ఆమె ఎవరికి భార్య?" ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే భార్యాభర్తలను సూచించే పాత ఇంగ్లీషు మాటల స్వభావం తెలుస్తుంది. మన మాటలను వాటి పక్కన పెట్టి చూస్తే ఇంకా స్పష్టమవుతుంది.

1. స్త్రీ, పురుషుడు

ప్రాచీన ఆంగ్లంలో 'వీఫ్' అంటే ప్రధానంగా స్త్రీ. భార్య అనే అర్థం తరువాత బలపడింది. 'మిడ్' అంటే తోడు. కాబట్టి మిడ్‌వైఫ్ అంటే ప్రసవ సమయంలో తోడుండే స్త్రీ. 'క్వీన్' మాట కూడా ఇలాంటిదే. దాని పాత రూపానికి స్త్రీ, భార్య అనే అర్థాలుండేవి. క్రమంగా అది రాజు భార్యకు పరిమితమైంది. సంస్కృతంలో స్త్రీ అని అర్థమిచ్చే 'జని' దానికి దూరపు చుట్టం.

తెలుగులోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. 'మగడు' అంటే మగవాడు, భర్త. 'ఆలు' అంటే స్త్రీ, భార్య. ఆ రెండూ కలిస్తే 'ఆలుమగలు'. ఈ మాటల్లో ఎక్కువ తక్కువలు లేవు.

2. ఇల్లు

'హస్బెండ్' స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడినవారి భాష ద్వారా ఇంగ్లీషులో చేరింది. 'హూస్' అంటే ఇల్లు, 'బోండి' అంటే కాపురముండేవాడు. అంటే గృహస్థు. సత్తెనపల్లికి దగ్గరలోనే ఉన్న అమరావతి స్తూపపు ప్రాకృత శాసనాల్లో దాతలను 'గహపతి' అన్నారు. గృహపతి అనే మాటకు అది ప్రాకృత రూపం. ఆయన భార్య 'ఘరణి', అంటే గృహిణి. తెలుగులో ఇల్లు, ఆలు కలిసి 'ఇల్లాలు' అయింది. 'దంపతి'లోని 'దమ్' కూడా ఇల్లే. వేదభాషలో ఆ మాట ద్వివచనంలో భార్యాభర్తలిద్దరినీ ఇంటి యజమానులుగా చెప్పింది.

ఇంటితో ముడిపడిన మాటలకు ఒక ప్రమాదం ఉంది. ఇంగ్లీషులో 'హౌస్‌వైఫ్' అరిగిపోయి 'హస్సీ' అయింది, చివరకు గయ్యాళికీ నడత మంచిది కాని స్త్రీకీ తిట్టుగా దిగజారింది. మన దగ్గర జరిగింది వేరు. మీలో చాలామంది ప్రవేశ దరఖాస్తులో తల్లి వృత్తి అనే గడిలో 'గృహిణి' అని రాస్తారు. ఆమె పొద్దున్నే పత్తి తీతకో మిరపకాయల కోతకో వెళ్ళి ఉంటుంది. రెండు వేల ఏళ్ళనాటి మాట ఆమె కూలిని కనబడకుండా చేస్తోంది.

3. భారం, భాగం

'భర్త', 'భార్య' రెండూ భరించడం అనే అర్థమున్న 'భృ' ధాతువు నుంచి పుట్టాయి. భర్త భరించేవాడు, భార్య భరించబడవలసినది. ఇంగ్లీషు 'బేర్' క్రియ ఈ ధాతువుకు చుట్టమే. 'కన్సార్ట్' దారి వేరు. లాటిన్‌లో 'సార్స్' అంటే వంతు, అదృష్టం. ఒకే వంతును పంచుకునేవారు కన్సార్ట్. 'కంపానియన్'లో ఉన్నది రొట్టె. కలిసి రొట్టె తినేవాడు కంపానియన్. కలిసి తినడాన్ని తెలుగులో 'పొత్తున తినడం' అంటాం. 'సహధర్మచారిణి' మాట కూడా భరించడాన్ని వదిలి, కలిసి నడవడాన్ని పట్టుకుంది.

4. రాజగృహం

సంస్కృతంలో 'మహిషి' అంటే గొప్పది, బలిష్ఠమైనది. రాజు ప్రధాన భార్యకూ గేదెకూ అదే పేరు. నుదుట పట్టం కట్టించుకున్నది 'పట్టపురాణి'. నాగార్జునకొండ ఇక్ష్వాకుల శాసనాల్లో రాజు భార్య 'మహాదేవి'. మహాతలవరుడు అనే ఉన్నతాధికారి భార్య 'మహాతలవరి'. డ్యూక్ భార్య డచెస్ అయినట్లే భర్త పదవి ఆమెకు బిరుదైంది. అయితే 3వ శతాబ్దిలో మహాచైత్యానికి దానం చేసిన చాంతిసిరి తన శాసనంలో ఆ బిరుదు దగ్గరే ఆగిపోలేదు. తన పేరు చెప్పుకుంది. తాను చాంతమూలుని సోదరినని, ఖందసిరి భార్యనని, ఖందసాగరుని తల్లినని చెప్పుకుంది.

పదవి భర్త నుంచి భార్యకు వచ్చినంత సులువుగా భార్య నుంచి భర్తకు రాదు. రాజు భార్య రాణి అవుతుంది, రాణి భర్త రాజు కాడు. విక్టోరియా భర్త ఆల్బర్ట్‌కు 1857లో లభించిన బిరుదు 'ప్రిన్స్ కన్సార్ట్' మాత్రమే. కాకతీయ రుద్రమదేవి భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు కాకతీయ రాజు కాలేదు. పాలించింది ఆమే. అయినా శాసనాల్లో ఆమె 'రుద్రదేవ మహారాజు'గా కనిపిస్తుంది. పాలించే స్త్రీకి పురుష నామమే తగినదని ఆనాటి వ్యవహారం భావించిందన్నమాట.

5. అనువాదంలో జాగ్రత్త

ఇంగ్లండులో 1066 తరువాత ఫ్రెంచి పాలకుల భాషగా ఉండడంతో 'స్పౌజ్' వంటి మాటలకు మర్యాద, 'వైఫ్'కు వాడుక దక్కాయి. మనకు సంస్కృతం వల్ల 'భార్య', 'భర్త' మర్యాదయ్యాయి, 'పెళ్ళాం', 'మొగుడు' మోటయ్యాయి. మోటుదనం మాట పుట్టుకలో లేదు, వాడినవారి హోదాలో ఉంది. మన పల్లెల్లో ఆడవాళ్ళు భర్త పేరు ఎత్తకుండా 'మా ఇంటాయన' అంటారు. దాన్ని 'మై హస్బెండ్' అని అనువదిస్తే అర్థం అందుతుంది. పైగా హస్బెండ్‌లోనూ ఇల్లు దాగి ఉంది కనుక ఇక్కడ రెండు భాషలూ కలుస్తాయి. అన్నిచోట్లా ఇలా కుదరదు. పాత గ్రంథంలో 'వైఫ్' కనబడగానే భార్య అని రాయకండి. అక్కడ అది స్త్రీ అనే అర్థంలో ఉందేమో చూడండి.

సారాంశం: జీవిత భాగస్వాముల పేర్లు స్త్రీ, పురుషుడు, ఇల్లు, తిండి, భారం అనే మామూలు సంగతుల నుంచి పుట్టాయి. హోదా తరువాత వచ్చి చేరింది. ఏ మాట ఎంచుకుంటామన్నది ఆ మనిషికి మనమిచ్చే స్థానాన్ని చెబుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. 'హస్బెండ్', 'గహపతి', 'దంపతి' మాటల్లోని సమాన అంశమేమిటి?
2. 'భార్య', 'కన్సార్ట్' మాటల వెనుక ఉన్న భావాల తేడాను వివరించండి.
3. మీ అమ్మగారు ఒక రోజంతా చేసే పనులు రాసుకోండి. దరఖాస్తులో 'వృత్తి' అనే గడిలో ఆమెకు ఏ మాట రాస్తారు? ఎందుకు?