నిప్పు తాకిన పాత తుపాకి – పునరుద్ధరణ

పెద్దలు మనకు విడిచివెళ్ళిన వస్తువులలో కొన్ని తమ ఖరీదును బట్టి గాక జ్ఞాపకాన్ని బట్టి ఆదరణ పొందుతాయి. పూర్వపు హైదరాబాదు సంస్థానంలోని పాత కుటుంబాలు కొన్ని భద్రపరచుకొన్న జోడుగొట్టాల బందూకు అటువంటిదే. 1949లో జాగీర్లు రద్దయినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో జరిగిన సవరణ వినోదపు వేటకు స్వస్తి చెప్పినవి. బందూకు మాత్రం తాతగారి గుర్తుగా నిలిచిపోయింది. ఇంటికి నిప్పంటుకొని అట్టి తుపాకి కాలినచో దానిని బాగుచేయవచ్చునా? బాగుచేసిన పిమ్మట తిరిగి పేల్చవచ్చునా? ఈ రెండూ ఒకే ప్రశ్న అని పలువురు భావిస్తారు. మొదటిదానికి సమాధానం చాలావరకు అవుననియే; రెండవదానికి మాత్రం కూడదనియే చెప్పవలసి ఉన్నది. కారణాలను పరిశీలిద్దాం.

తుపాకిలో ప్రేలుడు ఒత్తిడిని భరించేది ఉక్కు గొట్టం. ఉర్దూలో దీనిని నాలీ అంటారు. భుజానికి ఆనించే కర్రభాగం కుందా. ఇది తరచుగా అక్రోటు కర్రతో చేసినదై ఉంటుంది. తూటాపై దెబ్బ కొట్టేది ఘోడా, వేలితో నొక్కే మీట లబ్‌లబీ. వీటిని నడిపించేవి లోపలి చిన్న స్ప్రింగులు. పాత జోడుగొట్టాల తుపాకులలో గొట్టాల నడుమ పొడవునా సాగే సన్నని పట్టీని ఎక్కువగా తగరం, సీసం కలిపిన టంకంతో అతికించేవారు.

వీటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క వేడికి లొంగుతుంది. తగరం, సీసం కలిసిన టంకం 183 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగనారంభిస్తుంది. శుభ్రమైన ఉక్కు సుమారు 230 డిగ్రీల వద్ద ఎండుగడ్డి రంగును, 300 డిగ్రీల దరిదాపున నీలిరంగును పొందుతుంది. అంతకు మించి కాలిన స్ప్రింగు తన పదును కోల్పోతుంది. కర్ర కూడ 300 డిగ్రీల ప్రాంతంలో బొగ్గుగా మారుతుంది. గది అంతా ఒక్కసారిగా మండినప్పుడు వేడి 600 డిగ్రీలను దాటుతుంది. కావున కాలిన తుపాకియే తన ఉష్ణమాపకమని చెప్పవచ్చును. పట్టీ వెంబడి టంకం బొట్లు బొట్లుగా కారి ఉన్నచో వేడి 183 డిగ్రీలు దాటినట్లే. కుందా పైపైన మాత్రమే నల్లబడి, స్ప్రింగులు చురుకుగా ఉన్నచో లోపలి భాగానికి అంతటి హాని కలుగలేదని ఊహించవచ్చును. అయితే అది ఊహ మాత్రమే. కర్ర చాటున దాగిన ఉక్కు చల్లగా ఉండగా, బయటికి తెరచి ఉన్న ఉక్కు ఎఱ్ఱగా కాలి ఉండవచ్చును.

ప్రమాదమంతా ఇక్కడనే ఉన్నది. వేడికి మెత్తబడిన గొట్టం మెరుగుపెట్టిన పిమ్మట కొత్తదానివలెనే కనిపిస్తుంది. దాని బలహీనత కంటికి తెలియదు. పేల్చిన క్షణాన తెలుస్తుంది. అప్పుడు పగిలిన గొట్టం పేల్చినవాని చేతినీ కన్నునూ బలిగొంటుంది. గొట్టంపై 1813లో ఏర్పడిన బర్మింగ్‌హాం పరీక్షాశాల ముద్ర ఉన్నప్పటికీ, అది నాటి బలానికి సాక్ష్యమే గాని, నిప్పు తాకిన తరువాతి బలానికి కాదు. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి చుట్టి అతికిన డమాస్కస్ గొట్టాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

కావున పునరుద్ధరణ క్రమం ఇట్లుండవలెను. మొదట తుపాకిలో తూటా ఉన్నదేమో అను అనుమానంతోనే దానిని చూడవలెను. తెలియనివారు తాకరాదు, కాలిన తూటాలను పోలీసువారికి అప్పగించవలెను. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకులను మరమ్మతు చేయుటకు లైసెన్సు కావలెను గనుక పని అట్టి నిపుణునికే ఇవ్వవలెను. ఆలస్యం కూడ తగదు. ప్లాస్టిక్కు తీగలు కాలిన పొగలోని ఆమ్లం, మంటలార్పిన నీరు కలిసి ఉక్కును త్వరగా తుప్పు పట్టిస్తాయి. నిపుణుడు మసిని తుడిచి, నూనె పట్టించి, తుప్పును మెల్లగా తొలగిస్తాడు. చెక్కడపు పనిని ఆకురాయితో అరగదీయరాదు. బొగ్గైన కర్రపొరను గీకినచో అడుగున గట్టి కర్ర దొరకవచ్చును. దానికి అవిసెనూనె పట్టిస్తే పాత నిగారింపు కొంత తిరిగివస్తుంది. పగుళ్ళు, మచ్చలు కొన్ని మిగిలిపోతాయి. అవి ఆ వస్తువు చరిత్రలో భాగమే.

వారసులు మరొక విషయం గుర్తుంచుకొనవలెను. 2019 సవరణ ప్రకారం సాధారణ పౌరునివద్ద రెండింటికి మించి తుపాకులు ఉండరాదు. వారసత్వంగా వచ్చినదానికీ ఈ పరిమితి వర్తిస్తుంది. కాలిన తుపాకి చట్టదృష్టిలో ఇంకను ఆయుధమా, కాదా అనునది నిర్ణయించవలసినది అధికారులే గాని మనం కాదు.

పెద్దల వస్తువును గౌరవించడమంటే దానితో వారు చేసిన పనినే మనమూ చేయడం కాదు. ఆ తుపాకి ఇక నిశ్శబ్దంగా ఉండుటలోనే దాని గౌరవమూ, మన క్షేమమూ ఉన్నవి.