చాటలో ఆకు.. అడవిలో అగ్గి

సోలాపూర్ బీడీకీ, భూమి వేడెక్కడానికీ ఉన్న లంకె

సోలాపూర్: తెల్లవారితే తూర్పు పేటల్లో రెండు చప్పుళ్లు. కార్ఖానాలో మరమగ్గం, గడపలో కత్తెర. అశోక్ చౌక్, దత్తనగర్, నీలం నగర్, కుంభారి బీడీ ఘర్‌కుల్.. ఏ గల్లీకి పోయినా ఇదే వరస. మగవాళ్లు టవళ్లు, చాదర్లు నేస్తే ఆడవాళ్లు బీడీలు చుడతారు. కరీంనగర్, నల్గొండ, పాలమూరు వైపు నుంచి తాతముత్తాతలు మగ్గాన్ని నమ్ముకొని వచ్చారు. మిల్లులు మూతపడ్డా, మగ్గం కూలి చాలకపోయినా ఇల్లు నిలబెట్టింది చాట మీది ఆకే.

చాదర్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆకుకు అలాంటి పేరేమీ లేదు. బ్రాంచిలో తూకం వేసి ఇస్తారు, ఇంటికి తెచ్చి తడిపి గోనెలో చుట్టిపెడతారు, ఫర్మా పెట్టి కత్తిరిస్తారు. అంతకుముందు దాని కథ వేరు. ఆ కథలో చాలాచోట్ల ఒక మంట ఉంటుంది.

తునికి మొండి చెట్టు

బీడీ ఆకంటే తునికాకు. సర్కారు కాగితాల్లో దాని పేరు అబ్నూస్ ఆకు. సోలాపూర్ చుట్టుపక్కల ఉన్నది మెట్ట, గడ్డి బీడు. తునికి అడవి కావాలంటే చంద్రపూర్, గడ్చిరోలి, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ వైపు పోవాలి. లేదంటే మన గోదావరి ఒడ్డు అడవులకు.

తునికి మొండిది. పైన కాలినా వేరు చావదు. మంట పోయిన చోట వేర్ల నుంచి పిలకలు లేస్తాయి. వాటి ఆకు లేతగా, వెడల్పుగా ఉంటుంది. అందుకే ఫిబ్రవరి, మార్చి నెలల్లో రాలిన ఎండాకుకు అగ్గి పెడతారు. ఏప్రిల్, మే నెలల్లో కోత. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. ఇది తెలంగాణ లెక్క. మహారాష్ట్రలో పుడాకు డెబ్భై ఆకులు.

అన్ని మంటలూ తునికాకు కోసమే కాదు. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద చెత్త కాలుస్తారు. పోడు కోసం కాలుస్తారు. ఎవరో పారేసిన బీడీ ముక్కతోనూ అడవి అంటుకుంటుంది. మొత్తంమీద 2023 నవంబరు నుంచి 2024 జూన్ దాకా ఉపగ్రహాలు దేశంలోని అడవుల్లో 2,03,544 మంట గుర్తులు పట్టాయని భారత అటవీ సర్వే నివేదిక చెబుతోంది. అందులో మహారాష్ట్రవి 16,008, తెలంగాణవి 13,479. ఒకే మంట రెండు మూడు గుర్తులుగా పడవచ్చు కాబట్టి ఇవి అచ్చంగా మంటల సంఖ్య కావు.

పొగకూ లెక్కుంది

పొగను లెక్కగట్టడం ఎట్లా? యూరప్‌లోని పోర్చుగల్‌ను చూడాలి. 2017లో అక్కడ జూన్‌లో ఒకసారి, అక్టోబరులో మరోసారి నీలగిరి, పైన్ తోటలు దహించుకుపోయాయి. ఆ ఏడాది ఐదు లక్షల హెక్టార్లకు పైగా కాలింది. వంద మందికి పైగా చనిపోయారు. కారులో పారిపోతూ రోడ్డు మీదే కాలిపోయినవాళ్లూ ఉన్నారు. అడవులు గాలిలోని కార్బన్‌ను పీల్చుకుంటాయని దేశాలన్నీ తమ పద్దులో జమ వేసుకుంటాయి. ఆ ఏడాది పోర్చుగల్ పద్దు తిరగబడింది. పీల్చుకోవాల్సిన అడవే పొగ వదిలింది.

మన దగ్గర అలా చెట్టు కొస దాకా కాలడం తక్కువ. నేల మీది ఆకు, పుల్ల కాలతాయి. వానలు పడితే మళ్లీ పచ్చబడుతుంది కదా, నష్టమేంటి అంటారు. ఇందులో సగం నిజం ఉంది. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన శాస్త్రవేత్తల సంఘం ఉష్ణమండల అడవులకు ఒక లెక్క ఇచ్చింది. ఒక టన్ను ఎండు ఆకు, పుల్ల కాలితే సుమారు 1,580 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. కొత్త చిగురు దీన్ని చాలావరకు తిరిగి పీల్చుకుంటుంది. కానీ దాంతోపాటు 6.8 కిలోల మీథేన్, 200 గ్రాముల నైట్రస్ ఆక్సైడ్ కూడా పోతాయి. వీటిని కొత్త చిగురు వెనక్కి తీసుకోదు. నూరేళ్ల లెక్కన మీథేన్ వేడి పట్టే శక్తి బొగ్గుపులుసు వాయువుకు 28 రెట్లు, నైట్రస్ ఆక్సైడ్‌ది 265 రెట్లు. గుణించి చూస్తే టన్నుకు దాదాపు 240 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. చిగురు తీర్చలేని బాకీ ఇది.

ఏటా అదే చోట కాలితే మరో నష్టం. విత్తనం నుంచి లేచిన చిన్న మొక్కలు పెద్దవి కావు. ముసలి చెట్టు పోతే ఆ చోటు ఖాళీ. పీల్చుకునే అడవే పలచబడుతుంది. ఇది ఒక్క ఏడాదిలో కంటికి కనిపించేది కాదు.

అగ్గిపుల్లకు కూలి లేదు

మంట లేకుండా ఆకు రాదా అంటే, వస్తుంది. తునికి పొదను నేల మట్టానికి కొట్టేస్తే సుమారు 45 రోజులకు లేత ఆకు సిద్ధమవుతుంది. అటవీ శాఖలు చెప్పే పద్ధతి ఇదే. అడవికి అగ్గి పెట్టడం నేరం కూడా. అయినా మంట ఆగడం లేదంటే కారణం తేలికే. పొద కొట్టాలంటే మనిషికి కూలి ఇవ్వాలి, అగ్గిపుల్లకు కూలి లేదు.

చంద్రపూర్ జిల్లా గోండ్‌పిప్రి తాలూకాలోని పాచ్‌గావ్‌కు 2012లో అడవిపై సామూహిక హక్కులు దక్కాయి. ఆ గ్రామసభ ఏకంగా తునికాకు కోతే వద్దనుకుంది. కొమ్మలు నరకడం, అగ్గి పెట్టడం అడవిని చెరుపుతాయని, పొగాకు ఎలాగూ ఒంటికి మంచిది కాదని వాళ్ల వాదన. చెట్టు మీద ఆకు మిగిలితే పండు తినొచ్చని మరో మాట. వాళ్లకు వెదురు అమ్మకం ఉంది కాబట్టి ఆ రాబడి వదులుకోగలిగారు.

కుంభారిలో చాట ముందు కూర్చునే ఆడమనిషికి వెదురు లేదు. ఆకు ముతకగా, చిల్లులతో వస్తే చుట్టిన బీడీని బ్రాంచిలో తీసి పారేస్తారు. తక్కువపడ్డ ఆకు సొంత డబ్బుతో కొనుక్కోవాలి. కాబట్టి అడవిలో పొద కొట్టారా, అగ్గి పెట్టారా అన్నది గడప దగ్గరి లెక్క కూడా. ఆకు కొనే కంపెనీలు కోతకు ముందే పొద కొట్టే కూలి భరిస్తే ఆ ఖర్చు ఎంత, అది వెయ్యి బీడీల మజూరీ మీద పడుతుందా, కంపెనీ లాభంలోంచి పోతుందా? మజూరీ బేరాల్లో కార్మిక సంఘాలు ఈ ప్రశ్న అడగవచ్చు. అడగాల్సిన నెల జనవరి. ఫిబ్రవరి వస్తే అడవిలో ఆకు రాలడం మొదలవుతుంది.