వారాంతపు వడకం: శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం ఉదయం దాకా



ఈ పాఠభాగంలో మనం ఒక చిన్న మతాచరణను దగ్గరగా చూస్తాం. కథోలిక క్రైస్తవులు తమ విశ్వాసాన్ని కొత్తగా చిగురింపజేసుకోవడానికి శుక్రవారం సాయంత్రం ఇల్లు వదిలి ఒకచోట చేరతారు. రెండు రాత్రులు అక్కడే ఉండి ఆదివారం మధ్యాహ్నానికి తిరిగి వస్తారు. తెలుగు కథోలికుల భాషలో దీని పేరు వడకం. పట్నం పిల్లలు రిట్రీట్ అనే అంటారు. నేను ఆ మతస్థుణ్ణి కాను. మత సమాజశాస్త్రం బోధించిన వాడిగా కొన్నింటికి వెళ్లి, నిర్వాహకుల అనుమతితో వెనక వరసలో కూర్చుని గమనించాను. నా దృష్టిని ఆకర్షించింది ఆ రెండు రోజుల్లో జరిగే విషయాలకన్నా, ఆ తర్వాత వచ్చే సోమవారం. ఈ పాఠమంతా ఆ సోమవారం వైపే నడుస్తుంది.

మన ఉదాహరణ ప్రాంతం

హైదరాబాద్ తూర్పు వైపున ఉప్పల్, నాచారం, మల్లాపూర్, కుషాయిగూడ, నాగారం ఒకదానికొకటి అల్లుకుపోయి ఉంటాయి. ఒకప్పటి పల్లెలు, చెరువులు, మామిడితోటల మధ్యకు ముందు ఫ్యాక్టరీలు వచ్చాయి, తర్వాత కాలనీలు వచ్చాయి. 1967లో ఇ.సి.ఐ.ఎల్. మొదలైంది. దాని పక్కనే అణు ఇంధన కర్మాగారం వచ్చింది. నాచారం పారిశ్రామికవాడ, దాని కార్మికుల కోసం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉన్నాయి. ఉద్యోగాల కోసం గుంటూరు, కృష్ణా, ఖమ్మం, నల్లగొండ జిల్లాల తెలుగువాళ్లతో పాటు మలయాళీలూ తమిళులూ ఇక్కడికి చేరారు. కాబట్టి ఈ ప్రాంతంలో కథోలికత ఒకే భాషలో వినిపించదు. ఉప్పల్‌కు కూతవేటు దూరంలో, రామంతాపూర్‌లో, తెలుగు ప్రాంతాల గురువులను తయారుచేసే సెయింట్ జాన్స్ ప్రాంతీయ గురువిద్యాలయం ఉంది. ఇక్కడి తెలుగు విచారణలు హైదరాబాద్ అగ్రపీఠానికి చెందుతాయి. కేరళ నుంచి వచ్చిన సీరో మలబారు సంప్రదాయం వారికోసం 2017లో శంషాబాద్ మేత్రాసనం ఏర్పడింది. ఒకే వీధిలో ఉండే ఇద్దరు కథోలికులు వేర్వేరు పీఠాధిపతుల కింద ఉండవచ్చునన్నమాట.

భాష సంగతి చిన్నదేం కాదు. ఆఫీసులో ఇంగ్లీషు, బజారులో హిందీ, తెలుగు మాట్లాడే మనిషి కూడా తన పాపాలను చెప్పుకోవలసి వచ్చినప్పుడు తల్లి భాషనే వెతుక్కుంటాడు.

రెండు రోజుల్లో ఏం జరుగుతుంది?

శుక్రవారం చీకటిపడే వేళకు జనం చేరతారు. పేర్లు రాయించుకుని, చాపో మంచమో చూసుకుంటారు. సెల్‌ఫోన్లు ఆపమంటారు, కొన్నిచోట్ల తీసుకుని దాచేస్తారు. (ఆ మొదటి గంటలో జనం పడే అవస్థ చూస్తే, ఉపవాసం కన్నా ఇదే కఠినమనిపిస్తుంది.) మర్నాడు తెల్లవారుజామున ప్రార్థన ఉంటుంది. పగలంతా ప్రసంగాలు, వాటి మధ్య మౌనం, జపమాల, సిలువ మార్గం సాగుతాయి. శనివారం సాయంత్రం పాపసంకీర్తనం. ఒక్కొక్కరే వెళ్లి గురువు దగ్గర తమ తప్పులు ఒప్పుకుంటారు. విన్నది ఆ గురువు ఎవరికీ, ఎప్పటికీ చెప్పకూడదు. రాత్రి దివ్యసత్ప్రసాద ఆరాధన. ఆదివారం కొందరు లేచి తమ అనుభవాలను సాక్ష్యంగా చెబుతారు. దివ్యబలిపూజతో వడకం ముగుస్తుంది.

దీన్ని మొక్కు తీర్చుకునే యాత్రతో కలపకండి. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా విజయవాడ గుణదల మాత ఉత్సవాలకు వెళ్లే భక్తుడు కొబ్బరికాయతో, తలనీలాలతో, బిడ్డతో వెళతాడు. అక్కడ అడిగేదీ ఇచ్చేదీ బయటికి కనిపిస్తాయి. వడకానికి వెళ్లినవాడు ఖాళీ చేతులతో వెళతాడు. అతను చూసుకోవలసింది తన గతాన్నే. ఈ కోణంలో వడకానికి దగ్గరి బంధువులు వేరే మతాల్లో ఉన్నారు. రంజాన్ చివరి పది రోజులు మసీదులోనే ఉండిపోయే ఎతెకాఫ్ అలాంటిది. ఇదే నగరంలో వనస్థలిపురం దగ్గరి ధమ్మఖేత్తలో 1976 నుంచి పది రోజుల మౌనంతో సాగుతున్న విపశ్యన శిబిరాలు కూడా అలాంటివే. పది రోజులను రెండు రోజులుగా కుదించడమే వారాంతపు వడకం ప్రత్యేకత. దాని సమస్యలు కూడా అక్కడే మొదలవుతాయి.

రెండు వంశాలు

నేటి వడకంలో రెండు వంశాల రక్తం కలిసి ఉంది. మొదటిది ఇగ్నేషియస్ లొయోలాది. ఆయన స్పెయిన్ దేశపు సైనికుడు. 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. మంచాన పడి ఉన్నప్పుడు కాలక్షేపానికి చదివిన భక్తి గ్రంథాలు ఆయన దారి మార్చాయి. మరుసటి ఏడు మన్రెసా అనే ఊళ్లో ఏకాంతంగా గడిపి, అక్కడి అనుభవాలను ఆధ్యాత్మిక సాధనలు అనే కైపుస్తకంగా రాయడం మొదలుపెట్టాడు. 1548లో అది అచ్చయింది. నిజానికి అది చదువుకునే పుస్తకం కాదు, సాధన చేయించేవారికి సూచనల చిట్టా. పూర్తి సాధనకు దాదాపు 30 రోజులు పడుతుంది. దానిలో ఒక్కొక్కరు, మౌనంగా, తన మనసులోని ఊరటనూ ఎండిపోయిన స్థితినీ గుర్తుపట్టడం నేర్చుకుంటారు. 1922లో పదకొండవ పయస్ పోపు ఇగ్నేషియస్‌ను వడకాలకు పాలక పునీతుడిగా ప్రకటించాడు. 1929 నాటి తన లేఖలో కార్మికులకు కూడా వడకాలు పెట్టడాన్ని ప్రోత్సహించాడు.

రెండో వంశం చాలా చిన్న వయసుది. 1967 ఫిబ్రవరిలో, అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరానికి చెందిన డ్యుకేన్ విశ్వవిద్యాలయం విద్యార్థులు, అధ్యాపకులు పాతిక మంది దాకా ఒక వారాంతపు వడకానికి వెళ్లారు. అక్కడ తమకు పవిత్రాత్మ అనుభవం కలిగిందని చెప్పారు. అది కథోలిక కరిస్మాటిక్ ఉద్యమానికి నాంది. కొన్నేళ్లలోనే భారతదేశానికి చేరింది. కేరళలో పోట్టలోనూ, ఆ తర్వాత మురింగూర్‌లోనూ విన్సెంటియన్ గురువులు నడిపిన ధ్యానకేంద్రాలు దీనికి పెద్ద ఊపునిచ్చాయి. ఇక్కడ మౌనం తక్కువ, పాట ఎక్కువ. చేతులెత్తి స్తుతించడం, కన్నీళ్లు, స్వస్థత ప్రార్థన ఉంటాయి.

మన ప్రాంతంలో ఇది ఎందుకు పాతుకుపోయిందో ఆలోచించండి. చుట్టూ ప్రొటెస్టెంటు ఉజ్జీవ కూటాలు జరుగుతుంటాయి. 1950 నుంచి గోల్కొండ చౌరస్తా దగ్గరి హెబ్రోను కేంద్రంగా బక్త్ సింగ్ నడిపిన మహాసమావేశాల జ్ఞాపకం ఇంకా ఉంది. ఆ పాటల వేడి చూసిన కథోలికుడికి తన గుడి చల్లగా అనిపించింది. కరిస్మాటిక్ వడకం ఆ వేడిని గుడి లోపలికే తెచ్చింది. అయితే మాటలు మాత్రం తమవే ఉంచుకుంది. వాళ్లు పరిశుద్ధాత్మ అంటే వీళ్లు పవిత్రాత్మ అంటారు. అక్కడ బాప్తిస్మమైతే ఇక్కడ జ్ఞానస్నానం. క్షేత్ర పరిశోధన చేసే విద్యార్థి ఈ తేడాలు చెవిన పెట్టుకోవాలి. రెండు నిమిషాలు వింటే ఎవరు ఏ సభవారో తెలిసిపోతుంది.

వారాంతం ఎవరికి ఉంది?

ఇప్పుడు అసలు ప్రశ్న. వారాంతపు వడకం అనే మాటలోనే ఒక ఊహ దాగి ఉంది. అందరికీ వారాంతం ఉంటుందని. మన దేశంలో బొంబాయి మిల్లు కార్మికులు నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వంలో పోరాడాక 1890లో ఆదివారం సెలవు దక్కింది. 1948 నాటి కర్మాగారాల చట్టం వారానికి ఒక సెలవు, 48 గంటల పనిపరిమితి పెట్టింది. అంటే శనివారం పనిదినమే. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు ఐదు రోజుల వారం 1985లో వచ్చింది. కాబట్టి శుక్రవారం సాయంత్రం సంచీ సర్దుకోగలిగేది ఆఫీసు ఉద్యోగి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పింఛనుదారు.

నాచారంలో ప్యాకింగ్ పని చేసే ఒకామె ఒక వడకానికి శనివారం రాత్రి తొమ్మిదింటికి వచ్చింది. షిఫ్టు దిగి నేరుగా వచ్చానంది. అప్పటికి పాపసంకీర్తనం అయిపోయింది. ఆరాధనలో గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోయింది. ఎవరూ లేపలేదు. మర్నాడు ఆమెను అడిగితే, "అన్నా, రెండేళ్ల తర్వాత కంటినిండా పడుకున్న" అంది. దీన్ని నేను వైఫల్యంగా నమోదు చేసుకోలేదు. కానీ ఆ వడకం ఆమె కోసం తయారు కాలేదన్నది కూడా వాస్తవం. ఇంట్లో వంట, ముసలి అత్తగారు, పిల్లల పరీక్షలు ఉన్న ఆడవాళ్ల సంగతీ అంతే. రావాలంటే రెండు రోజుల వంట ముందే చేసి పెట్టి రావాలి.

విచిత్రమేమంటే ఈ చిక్కును ఇగ్నేషియస్ 16వ శతాబ్దంలోనే గమనించాడు. తన పుస్తకం మొదట్లో ఆయన ఇచ్చిన 20 సూచనల్లో చివరి మూడు దీని గురించే. అన్నీ వదిలి రాగలవారు ఏకాంతంలోకి వెళ్లాలి. వ్యవహారాల్లో మునిగి ఉన్నవారు ఇంట్లోనే ఉండి, రోజుకు గంటన్నర తీసుకుని, ఎక్కువ కాలం పాటు అదే సాధన చేయవచ్చు. అంత శక్తి లేనివారికి వారికి సరిపోయినంతే ఇవ్వాలి. నా అభిప్రాయంలో నాచారం కార్మికురాలికి కావలసింది ఈ రెండో పద్ధతి. కానీ దానికి వారం వారం కలిసి మాట్లాడే ఓపికగల మార్గదర్శి కావాలి. ఒక పెద్ద హాలు, మైకు, రెండు పూటల భోజనం ఏర్పాటు చేయడం దానికన్నా తేలిక.

సోమవారం

నాకు బాగా తెలిసిన ఒకాయన, చక్కెర వ్యాధి ఉన్నవాడు, ఒక స్వస్థత వడకం నుంచి వచ్చి మాత్రలు ఆపేశాడు. ఆపమని ఎవరూ చెప్పలేదట. కానీ ఆ రాత్రి పాటల మధ్య తనకు నయమైందని ఆయనకు గట్టిగా అనిపించింది. మూడు వారాలకు పాదం పుండుతో ఆసుపత్రిలో చేరాడు. కాలు దక్కింది. ఆయన విశ్వాసమూ పోలేదు. మాత్రలు మాత్రం ఇప్పుడు తప్పకుండా వేసుకుంటున్నాడు.

ఈ ప్రమాదం శ్రీసభకు తెలియనిదేమీ కాదు. 2000 సెప్టెంబరులో వాటికన్ విశ్వాస సిద్ధాంత విభాగం స్వస్థత ప్రార్థనల మీద ఒక ఉత్తర్వు ఇచ్చింది. స్వస్థత కోసం ప్రార్థించడాన్ని అది తప్పుపట్టలేదు. కానీ ఆ కూడికల్లో పూనకం లాంటి ఉద్రేకం, నాటకీయత, సంచలనం ఉండకూడదని స్పష్టంగా చెప్పింది. ఇగ్నేషియస్ మాట ఇంకా సూటిగా ఉంటుంది. సాధకుడు గొప్ప ఊరటతో, ఉత్సాహంతో ఉప్పొంగుతున్నప్పుడు తొందరపడి మొక్కులు, ప్రమాణాలు చేయకుండా మార్గదర్శి చూసుకోవాలంటాడు. మనసు ఎండిపోయినప్పుడు అంతకు ముందు తీసుకున్న నిర్ణయాన్ని మార్చుకోవద్దనీ చెబుతాడు. ఈ రెండు సూచనలూ తెలిసిన నిర్వాహకుడు శనివారం రాత్రి ఉత్సాహాన్ని ఆదివారం ఉదయానికి కొంత చల్లారనిస్తాడు. తెలియనివాడు దాన్నే పతాక సన్నివేశం చేస్తాడు.

స్పెయిన్‌కు చెందిన మల్లోర్కా ద్వీపంలో 1940లలో పుట్టిన కుర్సిల్లో అనే మూడు రోజుల వడకం సంగతి ఇక్కడ చెప్పాలి. దానిలో ఆ మూడు రోజుల తర్వాతి జీవితమంతటికీ పెట్టుకున్న పేరు నాలుగో రోజు. వడకం అయ్యాక చిన్న గుంపులుగా క్రమం తప్పకుండా కలవడం ఆ పద్ధతిలో ఒక భాగం, ఐచ్ఛికం కాదు. మన ప్రాంతంలో నేను చూసిన వడకాల్లో ఎక్కువ వాటికి ఈ నాలుగో రోజు లేదు. వాట్సాప్ గుంపు ఒకటి మిగులుతుంది. దానిలో ఉదయం ఒక వాక్యం, సాయంత్రం ఒక పువ్వు బొమ్మ.

సోమవారానికి ఇంకో ముఖం ఉంది. వడకంలో అందరూ ఒకే బంతిలో భోంచేస్తారు, ఒకే హాల్లో పడుకుంటారు. తెలుగు కథోలికుల్లో ఎక్కువమంది దళిత నేపథ్యం వారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ దళితులకు షెడ్యూల్డు కులాల గుర్తింపు లేదు. సభలోపల కూడా వివక్ష ఉందని భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 నాటి తన విధానపత్రంలో ఒప్పుకుంది. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోని కార్డినల్ అయినప్పుడు, ఆ స్థానం పొందిన తొలి తెలుగువాడు, తొలి దళితుడు ఆయనే అని పత్రికలు రాయడం వెనుక ఈ చరిత్ర ఉంది. రెండు రోజుల పంక్తిభోజనం సోమవారం పెళ్లిచూపుల దాకా వెళ్లదు. ఒక యువకుడు నాతో, "సార్, వడకంలో అన్నదమ్ములం, పేర్ల వెనకాల తోకలు గేటు బయట ఉంచి వస్తాం, పోయేటప్పుడు ఎవరి తోక వాళ్లు తీసుకుంటాం" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

అభ్యాసం

మీ ఊళ్లోనో దగ్గరి పట్నంలోనో ఏ మతానికి చెందినదైనా సరే, ఒక దీక్ష, శిబిరం, ఎతెకాఫ్ లేదా వడకం ముగించి వచ్చిన ఒకరిని, ముగిసిన నెల తర్వాత కలవండి. అక్కడ ఏం అనుభవించారని అడగకండి. అది వాళ్లే చెబుతారు. తిరిగి వచ్చిన మొదటి సోమవారం పొద్దున ఏ టైముకు లేచారు, ఎవరితో మొదట మాట్లాడారు, పనికి ఎలా వెళ్లారు అని అడిగి, వారి మాటల్లోనే రెండు పేజీలు రాయండి. వారు అనుమతి ఇస్తేనే రాయాలి. పేరు రాయకూడదు.