మీకు తెలుసా? పాత డ్రాఫ్ట్ కాగితం పారేయకండి!

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లతో ఊహాజట్లు కట్టి, వాళ్ల గణాంకాలతో పోటీపడే ఫ్యాంటసీ ఫుట్‌బాల్ పుట్టింది అమెరికాలోని ఓక్లండ్‌లో. 1963లో అక్కడ జరిగిన తొలి డ్రాఫ్ట్‌లో, అంటే ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకోవడంలో, అందరికంటే ముందు ఎంపికైనవాడు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) జార్జ్ బ్లాండా. ఆ ఏడాది పరుగుల్లో 1,863 గజాలతో రికార్డు కొట్టింది మాత్రం జిమ్ బ్రౌన్. అంటే మొదటి ఎంపిక గురి తప్పడం ఈ ఆటంత పాతదే.

2024లో చాలా లీగుల్లో మొదట తీసుకున్నది క్రిస్టియన్ మెకాఫ్రీని. గాయాల వల్ల అతను ఆడింది నాలుగే మ్యాచ్‌లు. అంతకుముందు ఏడాది చాలామంది కన్నెత్తి చూడని కొత్త కుర్రాడు పూకా నకూవా 105 క్యాచ్‌లు, 1,486 గజాలు సాధించాడు. పేర్లు బట్టీపడితే లాభం లేదన్నమాట. నిరుటి వీరుడు ఈసారి మంచాన పడొచ్చు.

మరి పాత డ్రాఫ్ట్ ఫలితాలు రాసిన కాగితంలో ఏం చూడాలి? ఏ రౌండులో ఏ స్థానం ఆటగాళ్లు ఖాళీ అయ్యారో చూడాలి. పన్నెండు మంది లీగులో, ప్రతి రౌండుకూ వరస తిరగబడే స్నేక్ డ్రాఫ్ట్‌లో, మొదటి ఎంపిక మీదైతే మళ్లీ వంతు వచ్చేది 24కి. మధ్యలో 22 మంది వెళ్లిపోతారు! మీ మిత్రుల్లో ఏటా క్వార్టర్‌బ్యాక్ కోసం తొందరపడేదెవరో, సొంతూరి జట్టు మోజు ఎవరికో ఆ కాగితమే చెబుతుంది. నా లెక్కలో ఆటగాళ్ల గణాంకాలకంటే ఇదే విలువైన సమాచారం. గాయంతో పోయిన ఎంపికను మాత్రం మీ తప్పుల ఖాతాలో రాసుకోకండి.