ముఖాలు లేని మనుషులు: మీ పిల్లల ఆయిల్ పెయింటింగ్ ఎలా చూడాలి?



గత పేరెంట్-టీచర్ మీటింగ్‌లో 8వ తరగతి పిల్లల బొమ్మలు చూసి చాలామంది ఒకటే అడిగారు: "మేడమ్, చెరువు బాగుంది, మనుషులకు కళ్లూ ముక్కూ ఏవి? ఇంకా పూర్తి చేయలేదా?" పూర్తి చేశారండీ. నేను చెప్పేది ఇంగ్లిషే అయినా, ఆర్ట్ పీరియడ్‌లో మాస్టారికి సాయంగా ఉంటాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

పిల్లలు నేర్చుకుంటున్నది ఇంప్రెషనిస్ట్ పద్ధతి. 1874లో పారిస్‌లో కొందరు చిత్రకారులు సొంతంగా ఎగ్జిబిషన్ పెట్టుకున్నారు. మోనే బొమ్మ పేరును పట్టుకుని ఒక విమర్శకుడు వెటకారంగా అన్న మాటే వాళ్లకు పేరైంది. ఆ ఎగ్జిబిషన్‌లోనే మోనే 1873లో వేసిన గసగసాల పూల పొలం బొమ్మ కూడా ఉంది. అందులో ఒక తల్లీ బిడ్డా వాలు కింద కనిపిస్తారు, అలాంటి జంటే పైన దూరంగా మళ్లీ కనిపిస్తుంది. ముఖాలు దాదాపు లేవు, పూలంటే ఎర్రటి చుక్కలే. అయినా ఎండ తెలుస్తుంది.

మన దగ్గర దామెర్ల రామారావు (1897–1925) సరిగ్గా ఇంప్రెషనిస్ట్ కాదు గానీ, రాజమండ్రిలో పెరిగి గోదావరి పరిసరాలను చూసి గీసినవాడే. ఆయన బొమ్మలు ఇప్పటికీ అక్కడి ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి. మన పిల్లలకు తుర్కయంజాల్ మాసబ్ చెరువు ఉంది. కట్ట మీద స్కెచ్ వేసుకుని, ఏ నీడ ఏ రంగులో ఉందో పక్కనే రాసుకున్నారు. నీడ నల్లగా ఉంటుందనుకుంటాం కదా, ఆకాశపు వెలుగు పడి అది తరచుగా నీలంగానో వంకాయ రంగులోనో కనిపిస్తుంది. ఒక్కసారి ఉదయం మీ ఇంటి తెల్లగోడ మీద చూడండి.

ఇక మనుషులు. కట్ట మీద నిలబడి, అదే కట్ట మీద దూరంగా నడిచే మన ఎత్తు వాళ్లను చూస్తే తలలన్నీ ఇంచుమించు మన కంటి ఎత్తు గీత మీదే ఉంటాయి. దూరం పెరిగేకొద్దీ పాదాలే ఆ గీత వైపు జరుగుతాయి. ఇది తెలియకపోతే దూరపు మనిషి గాలిలో తేలుతున్నట్టు వస్తాడు. తలకు ఒక చుక్క, ఒంటికి ఒక కుంచె దెబ్బ, కాళ్లకు ఇంకొకటి, పాదాల కింద చిన్న నీడ, అంతే. మనిషి ఎత్తు తలకు ఏడు రెట్లకు కాస్త ఎక్కువ. ఆ కొలత తప్పితే ఎంత చక్కటి ముఖం వేసినా పనికిరాదు. యాభై గజాల దూరంలో ఉన్న మనిషి కళ్లు మనకూ కనిపించవు కదా! అందుకే ఇంట్లో "కళ్లు కూడా పెట్టు" అని అనకండి, దయచేసి. కనిపించింది వదిలేసి తెలిసింది గీయడం అక్కడే మొదలవుతుంది.

8వ తరగతిలోనే ఫౌండేషన్ క్లాసుల కోసం ఆర్ట్ మానిపించేవాళ్లున్నారు. నాకైతే, చూసింది చూసినట్టు పట్టుకోవడం లెక్కల్లో కూడా అక్కరకొస్తుందనే అనిపిస్తుంది. సరే, అది వేరే చర్చ.

ఇంట్లో వేయించేవారికి కొన్ని జాగ్రత్తలు. ఆయిల్ రంగు నీళ్లలా ఆవిరై ఆరదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, అందుకే రోజులు పడుతుంది. కింది పొరలో టర్పెంటైన్ కలిపి పల్చగా, పై పొరలో నూనె ఎక్కువగా వేయాలి. తారుమారైతే తర్వాత పగుళ్లొస్తాయి. టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీలు తీయండి, సింకులో పోయకండి. నూనె తుడిచిన గుడ్డల్ని ముద్దగా చుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. ఒక్కొక్కటీ పరచి ఆరబెట్టండి, లేదా నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో మూతపెట్టి ఉంచండి.

బొమ్మ ఇంటికి వచ్చాక కనీసం పది రోజులు ముట్టుకోకండి. గ్లాస్ ఫ్రేమ్ తొందర వద్దు, వార్నిష్ అయితే ఆరు నెలల తర్వాతే. గోడకు పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగి చూడండి, మనుషులు నడుస్తూ కనిపిస్తారు.